దేవుడు చూస్తున్నాడని పనిచేసిన తరం

వరంగల్, హన్మకొండ, కాజీపేట. ఈ మూడూళ్ల పాత క్రైస్తవ కుటుంబాల్లో ఎవరింటికి వెళ్లినా నాన్న రైల్వే అనో, తాత ఆజంజాహీ బట్టల మిల్లు అనో, పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు సిస్టరమ్మ అనో వినిపించేది. మిగిలినవాళ్లు బడిపంతుళ్లు, దర్జీలు, వడ్రంగులు. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని, బైబిలు సంచి చేత పట్టుకుని చర్చి మెట్ల మీద నిలబడిన వాళ్ల ఫోటోలు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. సోమవారం నుంచి శనివారం దాకా వాళ్లు పనిచేసిన తీరు మాత్రం ఏ ఫోటోలోనూ దొరకదు. ఆ తరం మీద నాకున్న గౌరవమంతా అక్కడే ఉంది. చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి ఆ పని వివరాలు రాసిపెట్టాలనిపించింది.

మన ఉత్తర తెలంగాణలో సువార్త, పని వేర్వేరుగా రాలేదు. మెదక్ కెథడ్రల్‌ను మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి కూలి దొరికేలా కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలైంది. ఊరు వెలివేసిన మనిషి పుండు కడగడమే అక్కడ ప్రసంగం. ఇటు 1912లో డోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, బాప్తిస్మం పొందినవాళ్ల చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, ‘అయ్యో, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అని చెప్పించేవారు. చదువు రాని పాలేరు కూడా ఆ మాట చెప్పినవాడే. పాలేరు ప్రసంగం చేయలేడు కదా, ఎట్లా ప్రకటించాలి? నాగలి పట్టిన తీరుతో, దొర లేనప్పుడు కూడా సాలు వంకర పోకుండా దున్నడంతో. మన పెద్దలు సాక్ష్యం అనే మాటను ఇట్లాగే అర్థం చేసుకున్నారు.

ఇది అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఆసుపత్రి వార్డుల్లో.

ఇప్పుడు సిరంజి వాడి పారేస్తున్నాం. అప్పట్లో గాజు సిరంజిలు. వాడగానే చల్లనీళ్లతో కడగాలి, ఎందుకంటే వేడినీళ్లు తగిలితే లోపలి నెత్తురు గడ్డకట్టి అంటుకుంటుంది. గొట్టాన్ని, లోపల జరిగే దట్టాన్ని (పిస్టన్) విడదీయాలి, గాజుగుడ్డలో (కట్లకు వాడే పలుచని గుడ్డ) చుట్టాలి, చల్లనీళ్లలో పెట్టి పొయ్యి వెలిగించాలి. నేరుగా మరిగే నీళ్లలో వేస్తే గాజు పగులుతుంది. నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి 20 నిమిషాలు లెక్క. మన దగ్గర బోరునీళ్లు వాడితే తెల్లటి పొర పట్టి దట్టం బిగుసుకుపోతుంది, అందుకే ఒకసారి కాచి తేర్చిన నీళ్లు వాడేవాళ్లు. సూది మొనను దూదికి ఆనించి లాగితే పోగు తగులుకుంటుందా లేదా చూసేవాళ్లు. తగులుకుందంటే మొన వంగినట్టు. దాన్ని రాయి మీద నూరాలి, లేకపోతే రోగి కండ చీరుకుపోతుంది.

అసలు పరీక్ష ఆ 20 నిమిషాల మధ్యలో వచ్చేది. పదిహేనో నిమిషంలో ఎవరో హడావుడిగా వచ్చి వాడిన సిరంజి ఇంకొకటి అదే గిన్నెలో పడేస్తారు. అప్పుడు గడియారం మళ్లీ మొదటికి రావాలి, మొత్తం గిన్నెకు ఇంకో 20 నిమిషాలు. బయట ఇంజెక్షన్ కోసం వరుస నిలబడి ఉంటుంది, డాక్టరమ్మ కేకలేస్తుంటుంది. ఐదు నిమిషాలకే తీసేస్తే ఎవరికీ తెలియదు. రోగికి చీము పట్టినా, కామెర్లు వచ్చినా అది ఆ గిన్నె దగ్గర జరిగిందని ఎవరూ చెప్పలేరు. ఆ ఇంకో 20 నిమిషాలు నిలబడిన సిస్టర్లు ఉన్నారు. పొద్దున వార్డు ప్రార్థనలో వాళ్లు పాడిన కీర్తనకంటే నాకు ఆ నిలబడటమే పెద్దగా కనిపిస్తుంది.

ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు సంగతీ అంతే. ముల్లు చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం చూపిస్తే లోపల 121 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని పుస్తకం చెబుతుంది, కానీ లోపలి గాలంతా ముందుగా బయటికి పోతేనే ఆ లెక్క నిజం. గాలి మిగిలితే ముల్లు పీడనం చూపిస్తూనే ఉంటుంది, వేడి మాత్రం అందదు. గుడ్డలు కుక్కి కుక్కి నింపినా ఇంతే, ఆవిరి మధ్యలోకి పోదు. అందుకే గుడ్డలు పెట్టే డ్రమ్ములో అరచెయ్యి దూరేంత వదులు ఉంచాలి, పక్క రంధ్రాలు తెరిచి లోపల పెట్టాలి, తీయగానే మూసేయాలి. రంధ్రాలు తెరవడం మర్చిపోతే డ్రమ్ము వేడిగా బయటికొస్తుంది, లోపలి గుడ్డ శుద్ధి కాదు. చూడటానికి రెండు డ్రమ్ములూ ఒకేలా ఉంటాయి.

ఆపరేషన్ థియేటర్‌లో నెత్తురు అద్దే గాజుగుడ్డ ముక్కల లెక్క ఇంకా కఠినం. మొదలుపెట్టే ముందు ఒకసారి, కడుపు లోపొర కుట్టే ముందు ఒకసారి, చర్మం కుట్టే ముందు ఇంకోసారి. నెత్తుటితో తడిసినవాటిని ఐదేసి చొప్పున పరిచి, వేలితో చూపిస్తూ ఇద్దరు పైకి లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే ఎంత పెద్ద సర్జన్ అయినా ఆగాలి. రాత్రి రెండింటికి అలసిపోయిన డాక్టరు ‘కౌంట్ సరేనా’ అంటే, లెక్కపెట్టకుండా ‘సరే’ అనడం అన్నిటికన్నా సులువు. ‘ఆగండి సార్, ఒకటి తక్కువుంది’ అనే మాట చిన్న నర్సు నోటి నుంచి రావాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యం పొద్దున మోకాళ్ల మీద అడిగి తెచ్చుకున్నదేనని పాత సిస్టర్లు చెప్పేవాళ్లు. ప్రార్థనలో వాళ్లు పెద్ద పెద్ద కోరికలు అడిగినట్టు వినలేదు. ‘ప్రభువా, ఈ రోజు నా చేతి మీదుగా ఎవరికీ హాని జరగనియ్యకు’ అన్నదే ఎక్కువగా వినిపించేది.

చార్టు రాయడంలోనే మనిషి బయటపడేది. చంకలో థర్మామీటరు ఐదు నిమిషాలు ఉంచాలి. నాడి పూర్తి నిమిషం చూడాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తడబడే గుండె దొరకదు. నాడి చూడటం అయ్యాక కూడా మణికట్టు వదలకుండా, రోగికి తెలియకుండా ఊపిరి లెక్కపెట్టాలి, ఎందుకంటే లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారుస్తాడు. 30 మంచాల వార్డులో ఇది గంటన్నర పని. కూర్చున్నచోటే 98.6, 80, 20 అని నింపేస్తే పది నిమిషాలు. వరుసగా పది మంచాలకు ఒకే అంకెలు కనిపిస్తే పాత మేట్రన్లు చార్టు తిరగేసి, ఆ సిస్టర్‌ను మళ్లీ మొదటి మంచం దగ్గరికి పంపేవాళ్లు. లేని నాడిని రాస్తే అది అబద్ధ సాక్ష్యమే, పది ఆజ్ఞల్లో తొమ్మిదోది మీరినట్టేనని వాళ్ల మాట. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

సెలైన్ కూడా చెప్పుకోవాలి. 500 మిల్లీలీటర్ల సీసా 8 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి 21 చుక్కలు. రోగి చెయ్యి మడిచాడంటే ఆగిపోతుంది. తోడుగా ఉన్న మనవడు త్వరగా అయిపోవాలని చక్రం తిప్పేస్తే అంతా ఒక్కసారే పోతుంది, ముసలి గుండె ఆ నీళ్లు మోయలేక ఊపిరితిత్తుల్లో నింపుతుంది, మనిషి పడుకోలేక లేచి కూర్చుంటాడు. కాబట్టి ఒకసారి సరిచేసి వెళ్తే చాలదు. రాత్రి డ్యూటీలో గంటగంటకూ టార్చిలైటు వేసి చుక్కలు లెక్కపెట్టాలి.

రోగి పక్కన ప్రార్థన గురించి ఒక మాట. నొప్పికి మందు ఇచ్చాకే, కట్టు మార్చాకే. ముందు ‘ప్రార్థన చేయమంటారా అమ్మా?’ అని అడగాలి. వద్దంటే నవ్వి దిండు సరిచేసి వెళ్లాలి, తర్వాతి పూట సేవలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. చేయమంటే నాలుగు వాక్యాలు, రోగి పేరు చెప్పి. మందు చేతిలో పట్టుకుని ప్రార్థన షరతు పెట్టడం సేవ కాదు, బేరం. డ్యూటీ టైంలో వార్డు వదిలి ప్రార్థన కూడికకు వెళ్లడం కూడా ఆ తరం ఒప్పుకోలేదు. ఆ గంట రోగిది, జీతం దానికే తీసుకుంటున్నాం, దేవుని పేరు చెప్పి దాన్ని వాడుకోకూడదు అనేవాళ్లు. ఇప్పుడు ఆఫీసు టైంలో గంటలకొద్దీ ఫోనులో వాక్యాలు పంపుకునేవాళ్లను చూస్తే నాకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఆదివారం డ్యూటీ పడితే ఏం చేసేవాళ్లంటే, మార్చుకునేవాళ్లు. సద్దుల బతుకమ్మ రాత్రి, దసరా రోజు, రంజాన్ నాడు క్రైస్తవ సిస్టర్లు అడగకముందే తమ పేరు రాసుకునేవాళ్లు. ‘అక్కా, నువ్వు బతుకమ్మకు పో, నేను చూసుకుంటా’ అంటే, డిసెంబరు 24 రాత్రి ఆ అక్కే వచ్చి నిలబడేది. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనకు వదిలిందీ వాళ్లే. ముందు ఇచ్చినవాళ్లకే అడిగే హక్కు ఉంటుందని అందరికీ తెలుసు. మార్చుకోవడం కుదరని ఆదివారం తెల్లవారుజాము ఆరాధనకు వెళ్లేవాళ్లు, అదీ లేకపోతే సాయంత్రానికి. చర్చికి రాలేదని వాళ్లను తప్పుపట్టిన సంఘపెద్దలు ఒకరిద్దరు ఉండేవాళ్లు. వార్డు ఖాళీ చేసి వస్తే దేవుడు సంతోషిస్తాడా అన్నది వాళ్లు ఆలోచించలేదు.

రైల్వేలో కీమ్యాన్ పని చాలామందికి తెలియదు. తనకు అప్పగించిన పట్టాల దారిని, అంటే తన బీటును, రోజూ మొత్తం నడవాలి. వెళ్లేటప్పుడు ఒక పట్టా చూస్తూ, వచ్చేటప్పుడు రెండో పట్టా చూస్తూ. పట్టాను పట్టి ఉంచే తాళం (కీ) వదులైతే సుత్తితో బిగించాలి, అతుకు దగ్గర బోల్టు చూడాలి, పట్టా మీద చిట్లిన గీత ఉందేమో కంటితో పట్టాలి. మే నెలలో మన దగ్గర ఎండకు పట్టాలు సాగి పక్కకు వంగే ప్రమాదం ఉంటుంది, అప్పుడు మధ్యాహ్నం కాపలా వేరే. సగం బీటు నడిచి చెట్టుకింద పడుకున్నా ఆ రోజు రైళ్లు పోతూనే ఉంటాయి. చివరి స్లీపరు దాకా నడిచినవాడి సంగతి దేవునికి, అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

మిల్లులో పడుగు పోగు తెగితే మగ్గం ఆపి, ఆ పోగును సరైన హీల్డు (పోగును ఎత్తి దించే తీగ) కన్నులోంచి, సరైన రీడు (పోగులను విడదీసే దువ్వెన లాంటిది) సందులోంచి తీసి ముడెయ్యాలి. ఒక్క సందు తప్పితే బట్ట పొడవునా గీత పడుతుంది. అసలు ఆపకుండా నడిపిస్తే గజాల లెక్క పెరుగుతుంది, సన్నటి ఖాళీ మాత్రం ఎవరో కొన్న ధోవతిలో తేలుతుంది.

మిల్లులో, రైల్వే షెడ్డులో దసరా ఆయుధపూజ ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న. మన పెద్దలు దాన్ని గొడవ లేకుండా దాటిన పద్ధతి నాకు నచ్చుతుంది. ముందురోజు యంత్రాల శుభ్రం ఉంటుంది కదా. పాత నూనె తీయడం, జిడ్డు కిరోసిన్‌తో తుడవడం, దూది పీచు దులపడం, అదంతా వాళ్లే ముందుండి చేసేవాళ్లు, తమ యంత్రమే కాదు, పక్కవాళ్లది కూడా. మిఠాయి చందా ఇచ్చేవాళ్లు. కొబ్బరికాయ కొట్టే సమయానికి పక్కకు జరిగేవాళ్లు, బొట్టు పెట్టబోతే ‘వద్దన్నా, నీకు తెలుసు కదా’ అని చేతులు జోడించేవాళ్లు. ఏడాది పొడవునా కలిసి పనిచేసిన మనిషి అట్లా అంటే ఎవరూ బాధపడలేదు. పని ఎగ్గొట్టేవాడు అదే మాట అంటే మాత్రం మండేది. చందా ఇవ్వొచ్చా లేదా అన్నదాని మీద సంఘాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి, ఆ వాదన ఇక్కడ తేలదు.

దర్జీల దగ్గర విశ్వాసం తెలిసేది రెండు చోట్ల, మిగిలిన గుడ్డ దగ్గర, చెప్పిన తారీఖు దగ్గర. లైనింగు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. అట్లా చేయకపోతే మొదటి ఉతుకుకే లైనింగు కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది, అప్పుడు ‘గుడ్డ మంచిది కాదమ్మా’ అని కస్టమరు మీద నెట్టడం అలవాటైన పని. కొలతకు పక్కల్లో అంగుళం లోపలికి వదిలితే రెండేళ్ల తర్వాత విప్పి వదులు చేసుకోవచ్చు. వదలకుండా కత్తిరిస్తే గుడ్డ మిగులుతుంది, దర్జీకే. నిజాయితీ ఉన్నవాళ్లు ఆ ముక్కలను చుట్టి జాకెట్టుతో పాటే ఇచ్చేవాళ్లు, చిన్న పేలికయినా సరే.

తారీఖు సంగతి క్రిస్మస్ ముందు తేలుతుంది. డిసెంబరు 1 నుంచి 23 దాకా ఆదివారాలు తీసేస్తే 20 రోజులకు మించవు. రోజుకు ఆరు జాకెట్లు కుట్టే మనిషి 120కి మించి కుట్టలేడు. కరెంటు పోతుంది, సూది విరుగుతుంది, కాజాలు వేసే పిల్లవాడికి జ్వరం వస్తుంది, కాబట్టి వందకు ఆపాలి. వందో చీటీ రాశాక వచ్చినవాళ్లకు ‘ఈసారి కాదమ్మా’ అనాలి. అందరికీ ‘ఇరవై మూడుకు తీసుకోండి’ అని 200 ఒప్పుకుని, పండుగ రాత్రి ఆడపిల్లలను కొట్టు ముందు నిలబెట్టడం పాపమని పెద్దలు చెప్పేవాళ్లు. అవునంటే అవును, కాదంటే కాదు అన్నది కొండమీది ప్రసంగంలోదే కదా.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ పేరు చెప్పగానే పత్తి, మిర్చి గుర్తొస్తాయి. అక్కడ తూకం వేసే దడవాయి చెయ్యి ఎంత కదిలితే రైతు అంత పోగొట్టుకుంటాడు. పాత తక్కెడకు రెండు చేతులూ సమంగా ఉన్నాయో లేదో తెలుసుకోవాలంటే ఖాళీగా చూస్తే చాలదు. సరుకును ఎడమ పళ్లెంలో, రాళ్లను కుడి పళ్లెంలో పెట్టి ఒకసారి తూచి, తర్వాత పళ్లాలు మార్చి తూచాలి. రెండు సార్లూ ఒకే బరువు రావాలి. తేడా వస్తే దండె మధ్య కొలికి పక్కకు జరిగినట్టు. ఇనుప రాయి అడుగున సీసం బిళ్ల ఉంటుంది, దాని మీదే ప్రభుత్వ ముద్ర. ఆ సీసం తొలిస్తే రాయి తేలికవుతుంది. తుప్పు రాలినా అంతే. సంచి బరువు తీసేటప్పుడు ఖాళీ సంచిని కాటా మీద పెట్టి చూడాలి, నోటిలెక్క తీయకూడదు, వానకు తడిసిన గోనె సంచికీ ఎండిందానికీ చాలా తేడా. దొంగత్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథంలో ఉంది. ఆ మాటను గోడ మీద రాసుకున్న కొట్లు చాలానే చూస్తాం. రెండు పళ్లాలు మార్చి చూపించమంటే చూపించే కొట్టే ఆ మాటను నమ్మిన కొట్టు.

ఆఫీసు గుమస్తాల సంగతి క్లుప్తంగా. మామూలు వద్దనడం సగం పనే. వచ్చిన కాయితానికి తారీఖుతో రసీదు ఇవ్వడం, వచ్చిన వరుసలోనే ఫైలు కదపడం, ఏ కాయితం తక్కువైందో ఒకేసారి రాసివ్వడం మిగతా సగం. డబ్బు తీసుకోని గుమస్తా ఫైలును మూడు నెలలు తొక్కిపెడితే పేదవాడికి అతనివల్ల లాభం లేదు. సాయంత్రం పంచుకునే సొమ్ములో వాటా వద్దన్నవాళ్లను దూరప్రాంతాలకు బదిలీ చేసిన సందర్భాలున్నాయి. పిల్లల చదువులు చెడ్డాయి. దాన్ని సాక్ష్యంగా చర్చిలో చెప్పుకోవడం సులువు, ఆ ఇంటి ఇల్లాలు ఆ ఏళ్లు గడిపిన తీరు చెప్పడం కష్టం.

జీతం రోజున దేవునికిచ్చే పదో వంతు, దశమభాగం, మొదట తీసి కవరులో పెట్టాకే కిరాణా లెక్క. కోతలు పోను చేతికొచ్చిన జీతంలో తీయాలా, మొత్తం జీతంలో తీయాలా అన్న చర్చ ప్రతి ఇంట్లో ఉండేది. జీతం లేని తల్లులు పూటపూటకూ బియ్యం ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్లు. చర్చిలో ఆడవాళ్లు కలిసే స్త్రీల మైత్రి కూడికకు అది చేరేది, అక్కడ తూచి అమ్మి ఆ డబ్బు లెక్కల పుస్తకంలో రాసేవాళ్లు. డబ్బాలోకి నూకలు వేయకూడదన్నది నియమం. ఇంట్లో ఏ బియ్యం వండుకుంటే అవే.

ఇప్పుడు గాజు సిరంజి లేదు, ఇనుప రాళ్లు తగ్గాయి. ఎవరూ చూడని చోట్లు మాత్రం వేరే రూపంలో అట్లాగే ఉన్నాయి. ఆటోక్లేవు మూట మీద అతికించే టేపు రంగు మారితే బయట వేడి తగిలిందనే అర్థం, లోపలి గుడ్డ శుద్ధి అయిందని కాదు, లోపల పెట్టే సూచిక వేరే ఉంది, అది తెరిచి చూడాలి. ఎలక్ట్రానిక్ కాటా నేల సమంగా లేకపోతే తప్పు చూపిస్తుంది, నీటి బుడగ మధ్యలో ఉందో లేదో చూడాలి, పైన ఫ్యాను ఆపాలి, సరుకు పెట్టే ముందు సున్నా చూపించాలి, తెలిసిన బరువున్న రాయితో రోజూ ఒకసారి సరిచూడాలి. కంప్యూటర్‌లో చార్టు నింపేటప్పుడు నిన్నటి అంకెలను కాపీ చేసే బటన్ ఉంటుంది. మంచం దగ్గరికి వెళ్లకుండానే 30 మందికి ఇప్పుడు ఒక్క నిమిషంలో నింపవచ్చు. కొత్తగా డ్యూటీలో చేరే మన పిల్లలకు వందనాలు చెప్పి, బైబిలు చేతిలో పెట్టి పంపేటప్పుడు ఆ బటన్ సంగతి కూడా ఇంట్లోనే మాట్లాడాలి.